వేడినీళ్ళలో గొలుసు

పోయిన వారం నిరుపమను మనం మంచులో నిలబెట్టి వచ్చాం. ఒక చేతిలో అత్తగారి తువ్వాలు, ఇంకో చేతిలో తన తువ్వాలు, ఎదురుగా గోడకు చెక్క బోర్డు. ఈ నీళ్ళలో గంధకం ఉంది, నగలు తీసి దిగండి, నల్లబడితే మాకు పూచీ లేదు అని దాని మీద జపాను భాషలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. అది చదివి ఆవిడ కాళ్ళు ఎందుకు కదలకుండా పోయాయో, మొదటి నుంచీ చదువుతున్న వాళ్ళకి తెలుసు. మధ్యలో వచ్చిన వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను.

నిరుపమ, శశాంక్ ఆక్లాండ్‌కి దగ్గర్లోని హామిల్టన్‌లో కాపురం ఉంటున్నారు. శశాంక్ తల్లిదండ్రులు విజయలక్ష్మి, కృష్ణారావు ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, కాకినాడ నుంచి ఆరు నెలలుండి పోదామని వచ్చారు. వచ్చిన కొత్తల్లోనే విజయలక్ష్మి మెడలోని రెండు పేటల గొలుసుకి కొక్కెం ఊడింది. ఆవిడ పుస్తెలు రెండూ పసుపుతాడుకి గుచ్చి మెడలో వేసుకుని, గొలుసు మాత్రం గులాబీరంగు కాగితంలో పొట్లం కట్టి కోడలి చేతిలో పెట్టింది. శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ కొట్లున్నాయట కదా, కాస్త అతికించి మెరుగు పెట్టించుకు రావే అంది. ఆ గొలుసు విజయలక్ష్మిది కూడా కాదు, ఆవిడ అత్తగారు సుభద్రమ్మది. ఒక కోడలి నుంచి ఇంకో కోడలికి వస్తున్న సొత్తు.

మరిచిపోకుండా ఉండాలని నిరుపమ ఆ పొట్లాన్ని కారు తలుపు జేబులో పెట్టింది. మనం మరిచిపోకూడదని పెట్టిన వస్తువే ముందు మాయమవుతుంది. ఆదివారం శశాంక్ కారు కడిగి, లోపలున్న చెత్తంతా సంచిలో వేసి గేటు బయట పెట్టాడు. సోమవారం పొద్దున్నే కౌన్సిల్ లారీ వచ్చి సంచులు పట్టుకుపోయింది. ఆ తర్వాత గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్ వెళ్ళి, బంగారం కొట్టు ముందు కారాపి, నిరుపమ తలుపు జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ.

అక్కడి దాకా జరిగింది పొరపాటు. తర్వాత చేసింది తప్పు. పక్కనే ఉన్న ఇండియన్ సరుకుల కొట్లో, గాజులూ బొట్టుబిళ్ళలూ పెట్టే అద్దాల పెట్టెలో, అచ్చం అలాంటిదే వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు వేలాడుతూ కనిపించింది. అది కొనుక్కుని, గులాబీ కాగితం కూడా అడిగి తీసుకుని, ఇంటికొచ్చి "బాగుచేయించానత్తయ్యా" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఎదురుగా కూర్చుని నా కళ్ళ ముందే చేయించాను, పాపం పెద్దాయన, చాలా నమ్మకస్తుడు" అని కూడా అంది. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళెవరో లోకానికి తెలుసు గానీ విజయలక్ష్మికి తెలియదు. ఆవిడ ఆ గొలుసు రెండు కళ్ళకూ అద్దుకుని పుస్తెలు గుచ్చుకుంది.

ఇప్పుడు మంచులోకి వద్దాం.

సౌత్ ఐలండ్ కొండల్లో, నాలుగిళ్ళున్న చిన్న పల్లెలో, జపాను నుంచి వచ్చి స్థిరపడిన మిచికో అనే ఆవిడా, ఆవిడ భర్తా కలిసి నడిపే సత్రం అది. కొండ అడుగు నుంచి ఊరే వేడినీటిని రాళ్ళ గుంటల్లోకి మళ్ళించి, తమ దేశంలో చేసినట్టే ఆడవాళ్ళకో గుంట, మగవాళ్ళకో గుంట కట్టారు. మధ్యలో వెదురు దడి. మామగారు లైబ్రరీలో ఆ సత్రం బొమ్మ చూసి, విజయ మోకాళ్ళ నొప్పులకి ఇంతకంటే మందు లేదని పట్టుబట్టాడు. ఆయన సరదాపడి అడిగింది ఇదొక్కటే కాబట్టి శశాంక్ విమానం టికెట్లు కొన్నాడు. వేడినీళ్ళంటే గీజరు నీళ్ళలాంటివే అనుకుంది నిరుపమ. గంధకం సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఏవే, అలా కొయ్యబారిపోయావ్? పద, కాళ్ళు గడ్డకట్టేస్తున్నాయ్." విజయలక్ష్మి వెనకనుంచి కోడలి భుజం తట్టింది.

"అత్తయ్యా, నగలు తీసెయ్యాలని రాశారు. గొలుసు ఇటివ్వండి, నావాటితో పాటు లాకర్‌లో పెడతాను."

"నీకు తియ్యడం అలవాటు. పొద్దున ఆఫీసుకెళ్తే ఒకటి, ఫంక్షన్‌కెళ్తే ఒకటి. నేనెక్కడ తీస్తానే?"

"మొన్న బాగుకిచ్చినప్పుడు తీశారుగా."

"పసుపుతాడు కట్టుకుని తీశాను. ఇప్పుడేదీ తాడు? పసుపు కొమ్ముందా నీ దగ్గర?"

సూట్‌కేసులో పసుపు ఉంది. సాంబారులోకి తెచ్చుకున్న పొడి. నిరుపమ మళ్ళీ బోర్డు వైపు చూసింది.

"ఏం రాశారో చదువు."

"నల్లబడతాయట."

విజయలక్ష్మి నవ్వింది. "గిల్టు నగలేసుకునే వాళ్ళకోసం రాశారమ్మా అది. బంగారం నల్లబడ్డం ఎక్కడైనా విన్నావా? మా అత్తగారి కాలం నాటి మేలిమి ఇది."

తేలు కుట్టిన దొంగలా ఉంది నిరుపమ పరిస్థితి. అరిస్తే దొరికిపోతుంది, అరవకపోతే మంట. కడుపులో నొప్పిగా ఉంది, ఇవాళ వద్దు, రేపు దిగుదాం అందామనుకుంది. ఈలోగా మిచికో వచ్చి, వంగి దణ్ణం పెట్టి, ఇద్దరినీ లోపలికి తీసుకుపోయింది.

లోపల పీటలు, చెక్క బకెట్లు, చెంబులాంటి చిన్న గిన్నెలు. ముందు ఇక్కడ సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కోవాలి, ఆ తర్వాతే గుంటలో దిగాలి, దిగేటప్పుడు ఒంటిమీద బట్ట ఉండకూడదు అని మిచికో చేతులతో చూపించింది. ఆ చివరి మాటకి అత్తగారు వెనక్కి తిరిగిపోతుందని నిరుపమ ఎంత ఆశపడిందో చెప్పలేను. విజయలక్ష్మి ఒక్క క్షణం తటపటాయించి, "ఆడవాళ్ళమేగా. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, సిగ్గెప్పుడో ఆస్పత్రిలో వదిలేశాను" అని పీట మీద కూర్చుంది. పైపెచ్చు ఆ పద్ధతి ఆవిడకి తెగ నచ్చింది. "ఒళ్ళు కడుక్కోకుండా టబ్బులో దిగే ఇక్కడి మీ కివీల కంటే వీళ్ళే నయం. మడీ శుచీ తెలిసిన వాళ్ళు. ఏదీ, వీపు రుద్దు" అంది.

నిరుపమ వీపు రుద్దింది. రుద్దే గుడ్డ మెడ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ గొలుసు వేళ్ళకి తగులుతూనే ఉంది. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. చన్నీళ్ళలోకి దూకేవాడిలా ఊపిరి పీల్చుకుంది. అప్పుడే విజయలక్ష్మి, "నీ చెయ్యి మెత్తనే. మా అత్తగారికి నేను ఇలాగే రుద్దేదాన్ని" అంది. ఊపిరి బయటికొచ్చేసింది, మాట రాలేదు.

బయట రాళ్ళ గుంట. పొగలు కక్కుతున్న పాలలాంటి నీళ్ళు, కుళ్ళిన గుడ్డు వాసన, చుట్టూ రాళ్ళ మీద మూరెడు మంచు. మధ్యాహ్నమే అయినా కొండల మీద మబ్బు దిగి సాయంత్రంలా ఉంది. ఆడవాళ్ళ వైపు వీళ్ళు తప్ప ఎవరూ లేరు. విజయలక్ష్మి "అమ్మో, అమ్మో" అంటూ మెట్టు మెట్టూ దిగి, భుజాల దాకా మునిగి కళ్ళు మూసుకుంది.

"ఒసే, మోకాళ్ళున్నాయో లేదో కూడా తెలియట్లేదే" అంది హాయిగా. "మీ మామగారు ఇన్నాళ్ళకో మంచి పని చేశారు. పొద్దున పాపం అనవసరంగా తిట్టాను."

పొద్దున జరిగింది నిరుపమ చూసింది. కృష్ణారావుకి గుండె కొంచెం తేడాగా ఉందని డాక్టరు మాత్రలిచ్చి, నూనె, నెయ్యి, వెన్న తగ్గించమన్నాడు. ఆయన పొద్దున టిఫిన్ దగ్గర రొట్టె మీద వెన్న మందంగా రాసుకున్నాడు. విజయలక్ష్మి ఒళ్ళుమండి, "తినండి, బాగా తినండి, నా మెడలో తాడు తెంచేదాకా తినండి" అంది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది కూడా. తర్వాత అద్దె కార్లో వస్తున్నంతసేపూ ఆ మాట మరిపించడానికన్నట్టు కోడలిని పొగిడింది. గొలుసు ఎంత బాగా చేయించిందో, ఫోన్‌కార్డు అయిపోయేదాకా కాకినాడలో అందరికీ ఎలా చెప్పుకుందో చెప్పింది. శశాంక్ రేడియో సౌండు పెంచాడు. బంగారం కబుర్లు ఆయనకి గిట్టవని నిరుపమ అనుకుంది, అప్పటికి ప్రాణం కాస్త కుదుటపడింది కూడా.

నీళ్ళ కింద ఏం జరుగుతోందో కనపడదు. మెడ దాకా నీళ్ళే. అలా కనపడకుండానే స్నానం అయిపోతే బాగుండు, ఒడ్డుకి రాగానే తువ్వాలు కప్పేస్తే, రూముకెళ్ళాక నిమ్మకాయతోనో టూత్‌పేస్టుతోనో తోమేస్తే, అని నిరుపమ లెక్కలు వేసుకుంటోంది. తప్పు చేసినవాడి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడండి. ఆ చురుకు రెండు నెలల క్రితం ఉంటే ఆ పొట్లం హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకునేది.

మంచు కురవడం మొదలైంది. పూతరాలినట్టు తెల్లటి పలుకులు నీళ్ళ మీద పడి కరిగిపోతున్నాయి. విజయలక్ష్మి చిన్నపిల్లలా చెయ్యి చాచి, వాటిని పట్టుకోవాలని లేచి నిలబడింది.

నిరుపమ చూసింది. గుండెల మీద గొలుసు నల్లగా ఉంది. పొగచూరిన దీపపు సెమ్మెలా, పేటలు రెండూ నల్లగా. చివర వేలాడుతున్న పుస్తెలు రెండూ మాత్రం పచ్చగా మెరుస్తున్నాయి.

కోడలి చూపు వెంట విజయలక్ష్మి తల వంచి చూసుకుంది. ముందు వేలితో తుడిచింది. గోటితో గీకింది. నీళ్ళలో ముంచి మళ్ళీ తుడిచింది. నలుపు పోలేదు. ముఖంలో రక్తం అంతా ఎవరో తోడేసినట్టయింది.

"బంగారం నల్లబడదే" అంది గొణుగుతూ. "బంగారం నల్లబడదు. ఎన్నడూ వినలేదు. నిరుపమా, పొద్దున నేనేమన్నాను?"

"అత్తయ్యా, అది నీళ్ళలో..."

"తాడు తెంచేదాకా తినండి అన్నాను. ఈ నోటితోనే అన్నాను. తథాస్తు దేవతలుంటారని మా అమ్మ చెబుతూనే ఉండేది." ఒక్కసారి దడి వైపు తిరిగింది. "ఆయన అక్కడ ఈ వేడినీళ్ళలో ఉన్నారే! ఏవండీ! ఏవండోయ్!"

దడి అవతల నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏవండీ! శశాంకూ! ఒరేయ్, నాన్నగార్ని చూడరా!"

జవాబు లేదు. విజయలక్ష్మి ఉన్నపళాన మెట్లెక్కబోయింది. ఆ నొప్పి మోకాళ్ళతో, ఆ మంచు రాళ్ళ మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా మగవాళ్ళ వైపు పరిగెత్తేలా ఉంది. నిరుపమ వెనకనుంచి నడుం పట్టుకుని ఆపింది. ఆవిడ గుండె కొట్టుకోవడం ఆ పట్టులో తెలుస్తోంది. అత్తగారు ఇంత భయపడుతుండగా చూడడం నిరుపమకి ఇదే మొదటిసారి. ఈ భయం తాను కొని తెచ్చి మెడలో వేసిందే.

"ఏవిటే ఆ గోల?" అని కృష్ణారావు గొంతు వినిపించింది, ఎక్కడో లోపల్నుంచి. "చెవుల్లో సబ్బుంది, వినపడలేదు. కాల్జారావా?"

విజయలక్ష్మి రెండు చేతులతో నోరు మూసుకుంది. "మీకెలా ఉందండీ? గుండెల్లో నొప్పేమైనా ఉందా?"

"నాకేం, పెళ్ళికొడుకులా ఉన్నాను! ఇదిగో, అబ్బాయి ఎక్కువసేపు వద్దంటున్నాడు. నేను లోపలికెళ్ళి టీ తాగుతాను. మీరు నిదానంగా రండి."

అవతల తలుపు చప్పుడైంది. తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళిపోయారని వీళ్ళిద్దరూ అనుకున్నారు.

గండం గడిచింది. ఇక నోరు మూసుకుంటే చాలు, రూముకెళ్ళాక ఏదో ఒకటి చెప్పొచ్చు అని నిరుపమలోని పిరికిది గుసగుసలాడింది. కొట్టువాడు మార్చేశాడేమో అనొచ్చు కదా అని కూడా అంది. ఆ మాట నాలుక చివరికొచ్చేసింది.

"ఒకవేళ ఆ షాపతను..."

"ఛ, పాపం. పెద్దమనిషి అని నువ్వేగా చెప్పావ్. ఎదురుగా కూర్చుని చేయించావ్ కూడాను. ఊరికే ఒకళ్ళని అనకూడదు." విజయలక్ష్మి మెట్టు మీద కూలబడింది. "తప్పు నాది. నా నోటిది. ఇది హెచ్చరిక, నిరుపమా. ఇప్పుడేం కాలేదు సరే, రేపో ఎల్లుండో? అందుకే ముందే చూపించాడు స్వామి."

తాను కట్టుకున్న గోడకే నిరుపమ తల తగిలింది. రెండు నెలల క్రితం అందంగా ఉంటుందని అతికించిన ఆ చిన్న అబద్ధం ఇప్పుడు దారికి అడ్డంగా నిలబడింది. కాస్త దూరంలో అత్తగారు ఏడుస్తోంది. పెద్దగా కాదు, ముక్కు తుడుచుకుంటూ, తడి జుట్టు మీద మంచు పడుతున్నా పట్టించుకోకుండా ఏడుస్తోంది. ఇంట్లో అందరి మీదా పెత్తనం చేసే ఆ మనిషి ఇప్పుడు ఎంతో చిన్నగా కనిపించింది.

"తిరుపతి ఎటువైపే?" అంది విజయలక్ష్మి ఉన్నట్టుండి.

"ఏంటత్తయ్యా?"

"ఇక్కణ్ణుంచి తిరుపతి ఏ దిక్కు? ఉత్తరమా? పడమరా? సరే, ఎటైతేనేం, ఆయనకి తెలుస్తుందిలే." కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించింది. "వచ్చే వారమే టికెట్ మార్పించెయ్. వెళ్ళగానే కాలినడకన కొండెక్కుతాను. మోకాళ్ళ పర్వతం మోకాళ్ళతోనే ఎక్కుతాను. ఈయన్ని చల్లగా చూడమని ఇప్పుడే మొక్కుకుంటున్నాను."

ఏ మోకాళ్ళకి మందని సముద్రం దాటించి ఇక్కడికి తెచ్చారో, ఆ మోకాళ్ళతో ఆవిడ రాతి మెట్లెక్కుతానంటోంది. మొక్కు నోట్లోంచి వచ్చేసిందంటే ఇక ఎవరు చెప్పినా ఆగదు. నిజం తర్వాత తెలిసినా ఆగదు. మొక్కు తప్పితే దోషం అంటుంది, ఎక్కి తీరుతుంది. విజయలక్ష్మి కళ్ళు మూసుకుంది. పెదాలు కదలబోతున్నాయి.

"మొక్కుకోకండి!" నిరుపమ నీళ్ళు చిమ్మేలా ముందుకొచ్చి ఆ జోడించిన చేతుల్ని తన చేతుల్లో పట్టుకుంది. "వద్దత్తయ్యా, మొక్కుకోకండి. ఇందులో మీ తప్పేం లేదు. ఆయనకేం కాదు. అది బంగారం కాదు."

"ఏది?"

"మీ మెడలోది. మీ గొలుసు కాదది. నేను పోగొట్టాను. ఇది... వన్ గ్రామ్ గోల్డ్. ఆ సరుకుల కొట్లో కొన్నాను. గిల్టది. అందుకే నల్లబడింది. పుస్తెలు చూడండి, మీవే, అవి మెరుస్తూనే ఉన్నాయి."

ఇంకేమేం చెప్పిందో నిరుపమకే సరిగ్గా గుర్తులేదు. తలుపు జేబు, ఆదివారం, చెత్త సంచి, లారీ, శాండ్రింగ్‌హామ్‌లో కారులో కూర్చుని ఏడ్చిన సంగతి, ఎదురుగా కూర్చుని చేయించానన్నది ఒట్టిదేనన్న సంగతి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. చెబుతున్నంతసేపూ అత్తగారి చేతులు వదల్లేదు. వదిలితే కొడుతుందని కాదు, లేచి వెళ్ళిపోతుందని భయం.

విజయలక్ష్మి విన్నది. పుస్తెలు రెండూ అరచేతిలోకి తీసుకుని చూసింది. గొలుసు చూసింది. మళ్ళీ పుస్తెలు చూసింది.

"అంటే," అంది మెల్లగా, "ఆయనకేం ప్రమాదం లేదన్నమాటేగా?"

"లేదత్తయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు."

"అమ్మయ్య" అని ఆవిడ రాయికి జారగిలబడి కళ్ళు మూసుకుంది. ముఖం మీద రక్తం తిరిగొచ్చింది. నిరుపమ తిట్లకి సిద్ధపడి ఉంది. అత్తగారు అరుస్తుందని, కాకినాడ దాకా వినపడేలా అరుస్తుందని రెండు నెలలుగా రాత్రీ పగలూ ఊహించుకుంది. ఆవిడ మొదటి మాట మొగుడి క్షేమం గురించి అవుతుందని ఒక్కసారీ ఊహించలేదు. తిట్టి ఉంటే ఇంత సిగ్గుపడేది కాదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నిరుపమకి అప్పుడొచ్చింది.

మంచు అలాగే పడుతోంది.

"రోజూ పొద్దున్నే లేచి కళ్ళకద్దుకుంటున్నాను" అంది విజయలక్ష్మి కళ్ళు తెరవకుండానే. "నువ్వు చూస్తూనే ఉన్నావ్. కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి చూసేదానివి. ఒక్కనాడూ వద్దని చెయ్యి పట్టుకోవాలనిపించలేదుటే?"

"అనిపించింది."

"మరి?"

"భయమేసింది."

"నేనంత రాక్షసినా?"

అవునంటే అబద్ధం, కాదంటే మరి ఎందుకు చెప్పలేదని అడుగుతుంది.

"పోయినందుకు బాధ ఉందే. లేదని అబద్ధమెందుకు. మా అత్తగారు పోయేముందు తన చేత్తో నా మెడలో వేశారు. నేను నీ మెడలో వెయ్యాలనుకున్నాను. ఈసారి వెళ్ళేటప్పుడు వేసి వెళ్దామనే బాగు చేయించమన్నాను." విజయలక్ష్మి నల్లబడ్డ గొలుసు పైకెత్తి చూపించింది. "నీకే అది. నీ వస్తువే నువ్వు పోగొట్టుకుని, నాకు గిల్టు తొడిగావ్. ఇంట్లో మనిషిని కాదూ నేను? పోయిందత్తయ్యా అని చెబితే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్ళం. ఆ ఏడుపైనా నాకు మిగిలేది."

ఆ మాట నిరుపమకి కత్తిలా కాదు, ముల్లులా దిగింది, చాలాకాలం సలపడానికి. క్షమించమని అడగడం కూడా సులువైన పనిలా, ఇంకో గిల్టులా తోచింది. అందుకే అడగలేదు. రాయి మీదున్న తువ్వాలు తీసి, అత్తగారి తల మీద పడ్డ మంచు తుడిచింది. విజయలక్ష్మి వద్దనలేదు, అలాగని దగ్గరికీ తీసుకోలేదు.

"సరే గానీ," అంది కొంతసేపటికి, ఇల్లు నడిపే మనిషి గొంతుతో. "ఆ పొట్లం గులాబీ కాగితంలో కట్టింది నేనేగా. చుట్టూ ఎర్రదారం కూడా చుట్టాను. గుర్తుందా?"

"గుర్తుంది."

"చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. రెండు పేటల గొలుసది. ఒట్టి కాగితం అనుకుని ఎవరైనా పారేస్తారుటే? కారు కడిగిందెవరు, నువ్వా?"

"కాదు, ఆయనే. నేను ఆక్లాండ్ నుంచి వచ్చిన మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేసి, కార్లో కాగితాలేమైనా ఉన్నాయా అని మామూలుగా అడిగాను. అన్నీ చెత్తలో పడేశానన్నారు. ఇంకా గుచ్చి అడిగితే సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను."

"వాడు సూది కింద పడినా వెతికే రకం. చిన్నప్పుడు పెన్సిల్ ముక్క పారేసేవాడు కాదు." విజయలక్ష్మి కనుబొమలు ముడిచింది. "ఎర్రదారం కట్టిన పొట్లం విప్పకుండా సంచిలో వేశాడా? పైగా తర్వాత నా మెడలో ఈ గొలుసు చూశాడు. వాడికేం అనుమానం..."

ఆవిడ మాట పూర్తిచెయ్యలేదు. దడి అవతల నీళ్ళు కదిలాయి. ఎవరో చాలాసేపటి నుంచి చప్పుడు చెయ్యకుండా కూర్చుని, ఇక కూర్చోలేక లేచి నిలబడ్డట్టు.

"ఎవరూ?" అంది విజయలక్ష్మి.

"నేనేనమ్మా."

శశాంక్ గొంతు. జలుబు చేసినవాడి గొంతులా ఉంది.

నిరుపమ రెండు చేతులూ గుండెల మీదికి లాక్కుంది. వెదురు దడి అవతల ఉన్న మనిషికి ఏదీ కనపడదని తెలిసినా లాక్కుంది. రేడియో సౌండు పెంచిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. రెండు నెలలుగా తాను అబద్ధం ఆడుతున్నది ఒక్క అత్తగారి ముందే అనుకుంది. పక్కనే పడుకునే మనిషి ఆ అబద్ధాన్ని మొదటి రోజు నుంచీ చూస్తూ ఊరుకున్నాడేమోనన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది.

"ఎంతసేపట్నుంచి ఉన్నావురా అక్కడ?"

"నాన్న టీకి వెళ్ళినప్పట్నుంచీ."

విజయలక్ష్మి చెయ్యి నీళ్ళ కింద కోడలి చెయ్యి కోసం వెతికి, గట్టిగా పట్టుకుంది. ఇందాకటి నుంచి దగ్గరికి తీసుకోని ఆవిడే ఇప్పుడు పట్టుకుంది.

"అయితే చెప్పు" అంది.

అవతల నుంచి శశాంక్ మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నీరూ, నువ్వు ఏడవకు. ఆ గొలుసు చెత్తలోకి పోలేదు. ఎక్కడుందో నాకు తెలుసు. కానీ అమ్మా, దాన్ని నేను తెచ్చివ్వలేను. అది ఇప్పుడు ఇంకొకరి మెడలో ఉంది."